కౌమాన్ పేటలో పుట్టిన సంఘం

జావా దీవిలోని యోగ్యకర్తలో, సుల్తాను కోటకు దగ్గరగా ఉన్న పేట కౌమాన్. సందులు ఎంత ఇరుకంటే, బండి దిగి ఇంజిన్ ఆపి తోసుకుంటూ పోవాలి. పేటను ఆనుకుని 1773 నాటి పెద్ద మసీదు ఉంది. లోపలికి వెళ్లగానే నా చూపు నమాజు వరుసల మీద ఆగింది. అవి గోడల వెంట కాక ఏటవాలుగా సాగుతాయి. కట్టడం పడమటికి చూస్తుంటే, జావా నుంచి మక్కా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఆ తేడాను పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఎత్తిచూపినవాడు ఈ మసీదు ఖతీబ్ (శుక్రవారం ప్రసంగం చేసే మతగురువు) అహ్మద్ దహ్లాన్. అందుకు ఆయన సొంత ప్రార్థనాశాలను దర్బారు మతాధికారి కూల్పించాడు. తిరిగి కట్టిన ఆ చిన్న మేడ ఇప్పటికీ ఉంది. 1912 నవంబరు 18న ఆయన పెట్టిన ముహమ్మదియా సంఘం తీరు తెలియాలంటే ముందు ఈ వరుసలను చూడాలి. ఆయన దృష్టిలో భూగోళం తెలియకపోతే నమాజు దిక్కే తప్పుతుంది.

1911లో దహ్లాన్ తన ఇంట్లోనే బెంచీలు, నల్లబల్ల పెట్టి మతపాఠంతో పాటు లెక్కలూ నేర్పిస్తే, ఇది పాలకులైన డచ్చివాళ్ల పద్ధతి, మతం చెడుతుందని చాలామంది మండిపడ్డారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పరాయి పాలనలో బడి అంటే మిషనరీలదో సర్కారుదో. కానీ ముస్లిం పిల్లలకు సొంత బడి లేకపోతే వాళ్లు వెళ్లేది ఆ బడులకే. మరి బడి ఉంటే చాలదా, సంఘం దేనికి? అప్పటి మతపాఠశాలలు చాలావరకు గురువు మీదే ఆధారపడేవి. ఆయన పోతే బడి నిలుస్తుందన్న భరోసా ఉండేది కాదు. దహ్లాన్ 1909లో బుడి ఉతొమొ అనే జావా వాళ్ల సంఘంలో చేరి, నలుగురూ కలిసి పని నడిపే పద్ధతి నేర్చుకున్నాడు. 1923లో ఆయన కన్నుమూసినా పని ఆగలేదు. ఈనాడు ఈ సంఘం చేతిలో 160కి పైగా ఉన్నత విద్యాసంస్థలు ఉన్నాయి.

ఈ సంఘం చేసేది సమాజసేవే తప్ప విశ్వాసాన్ని బతికించడం కాదనేవారూ ఉన్నారు. కౌమాన్‌లో అందరూ చెప్పుకునే ఒక సంగతి దానికి జవాబు. అనాథను తరిమేవాడి నమాజును నిలదీసే ఖురాన్ అధ్యాయం అల్‌-మాఊన్ సూరానే దహ్లాన్ రోజుల తరబడి చెబుతుంటే శిష్యులు విసుక్కున్నారట. మీరు దీన్ని ఆచరించారా అని అడిగి, ఆయన వాళ్లను వీధుల్లోని బీదపిల్లల దగ్గరికి పంపాడు. అనాథాశ్రమాలూ, 1923 నాటి వైద్యశాలా ఆ పాఠానికి కొనసాగింపే. 1917లో ఆయిషియా పేరుతో మహిళాశాఖ ఏర్పడింది, రెండేళ్లకే పసిపిల్లల బడి తెరిచింది. ఇక పల్లెల్లోని పాత ఆచారాలను ఈ సంఘం కఠినంగా తప్పుపట్టిందన్న ఆరోపణ నిజమే, దానివల్ల కలిగిన నొప్పీ నిజమే. సంప్రదాయ పక్షం 1926లో నహ్‌దతుల్ ఉలమాను స్థాపించుకుంది. అయితే వాళ్లు ఎంచుకున్న దారీ సంఘమే, బడులే. ముస్లింల సంఘం ముస్లింలకే పనికొస్తుందనేవారు క్రైస్తవులు ఎక్కువగా ఉండే కుపాంగ్ నగరానికి వెళ్లి చూడాలి: అక్కడి ముహమ్మదియా విశ్వవిద్యాలయంలో చదివేవారిలో ఎక్కువమంది క్రైస్తవులే.