యంత్రవాద్యాలు – మా నాన్నగారి క్లారినెట్

రెంటచింతల అనగానే వినేవారికి ముందుగా స్ఫురించేది ఎండ. వేసవి ఉష్ణోగ్రతల పట్టికలో మా ఊరి పేరు తరచు ముందువరుసలో కనిపిస్తుంది. ఆ ఎండకు, సంగీతానికి సంబంధమేమిటని చదువరులు అడుగవచ్చు. ఆ సంబంధం నాకు తెలిసివచ్చిన తీరును మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గత వేసవి సెలవులలో కళాశాల వార్షికోత్సవం కోసం ఒక స్వాగతగీతానికి బాణీ కట్టే పని నా మీద పడింది. పల్లవి, మొదటి చరణం తెలుగు. రెండవ చరణం ఉర్దూ. రెండు భాషలకూ పొత్తు కుదిరే రాగం కావాలని మోహనాన్ని ఎన్నుకున్నాను. హిందూస్తానీ సంప్రదాయంలో దానికి సరితూగే రాగం భూప్. రెండింటిలోనూ స్వరాలు ఆ ఐదే. తాళం విషయంలోనూ చిక్కు రాలేదు. మన ఆదితాళానికి 8 అక్షరాలు, కహర్వాకు 8 మాత్రలు.

వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత లేదు. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, ఒక చిన్న కీబోర్డు. 1983లో వెలువడిన మిడి పద్ధతి వల్ల ఒక సంస్థ కీబోర్డు మరొక సంస్థ యంత్రంతో సంభాషించగలిగింది. 1999 నాటికి స్టైన్‌బర్గ్ సంస్థ వారి వీఎస్‌టీ పద్ధతి వాద్యాలనే కంప్యూటరులో ఇమిడ్చే వీలు కల్పించింది. ఈ వాద్యాలలో అనేకం నిజమైన కళాకారులు ఒక్కొక్క స్వరాన్ని మెల్లగాను, గట్టిగాను వాయించగా రికార్డు చేసి దాచిన ధ్వనులే. మీటను నొక్కిన బలాన్ని 1 నుండి 127 వరకు గల అంకెలలో గ్రహించి, తగిన ధ్వనిని యంత్రం వినిపిస్తుంది. కనుక యంత్రవాద్యం వెనుక కూడా ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు.

నాలుగు రాత్రులు కూర్చుని వీణ, తబలా, వయొలిన్లు, క్లారినెట్ అన్నీ అమర్చాను. తాళం తప్పకుండా ప్రతి దెబ్బనూ గడులలో సరిగా బిగించాను. ఎంతో గర్వంగా మా నాన్నగారికి వినిపించాను.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళు పెళ్ళిబ్యాండులో క్లారినెట్ వాయించారు. మాచర్ల, గురజాల ప్రాంతాలలో ఆయన ఊరేగింపుతో నడవని వీధి అరుదు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథతోను, కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంతోను పద్మశ్రీలు అందుకున్న సంగతి ఆయన మాకు చిన్ననాటి నుండి చెప్పేవారు. తరువాత పెళ్ళిళ్ళకు డీజే పెట్టెలు వచ్చాయి. బ్యాండు చెదిరిపోయింది. క్లారినెట్ పెట్టె అటక ఎక్కింది. ఆ పెట్టెలకు పాటలు తయారుచేసే విద్యనే నేను నేర్చుకోవడం ఆయనకు ఎలా తోచిందో ఏనాడూ అనలేదు, నేనూ అడగలేదు.

పాట పూర్తిగా విని, "వీడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడురా?" అన్నారు.

నాకు మాట రాలేదు. నా క్లారినెట్ పదహారు ఆవర్తాలు ఎక్కడా ఆగకుండా మోగింది. ఏ మనిషి గుండె అంతసేపు నిలుస్తుంది? ఆ రాత్రి ఆయన పక్కన కూర్చోగా స్వరాల మధ్య సందులు విడిచాను. తబలా దెబ్బలను గడుల నుండి కొంచెం ముందుకు, వెనుకకు జరిపాను. అంతవరకు కవాతు చేస్తున్న పాట అప్పుడు నడవసాగింది.

మరునాడు మధ్యాహ్నం ఆయనే అటక మీది పెట్టె దింపమన్నారు. ఎండిన రీడును చాలాసేపు నోట తడిపి బిగించుకున్నారు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపి, తలుపులు మూశాము. గది కొలిమిలా ఉన్నది. ఆయన వాయించారు. స్వరం యంత్రం కంటె పైకి పోయింది. మళ్ళీ వాయించారు, మళ్ళీ అంతే. క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, "నా చెవి పోయిందిరా, వద్దులే" అన్నారు. ముప్పై ఏళ్ళ విద్య ఒక్క క్షణంలో అబద్ధమైనట్లు ఆయన ముఖం వాడిపోయింది.

ఆయన చెవి పోలేదు. గాలి వేడెక్కిన కొద్దీ అందులో ధ్వనివేగం పెరుగుతుంది; డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్లు. అందుచేత ఊదే వాద్యాల శ్రుతి ఎండలో పైకి పోతుంది. యంత్రమో, ప్రామాణికమైన 440 కంపనాల వద్దనే కదలక నిలిచి ఉంటుంది. దానికి రెంటచింతల ఎండ తెలియదు. ఈ సంగతి విన్నవించి, ఆయన శ్రుతికి సరిపోయేదాకా యంత్రాన్నే జరుపుతూ పోయాను. 445 వద్ద కలిసింది. ఆయన గ్లాసెడు నీళ్ళు త్రాగి పల్లవి అందుకున్నారు. రెండవసారి వాయించవలసిన అవసరం రాలేదు.

పాట వివరాల కాగితంలో "క్లారినెట్" అని వ్రాసి ఎదురుగా ఆయన పేరు చేర్చాను. ఇన్నేళ్ళలో ఏ శుభలేఖ మీదా వాద్యకారుడిగా ఆయన పేరు అచ్చయి ఎరుగము. ఆయన ఆ కాగితాన్ని మడిచి క్లారినెట్ పెట్టెలో దాచుకున్నారు.

యంత్రవాద్యాలను నేను నిందించను. అవి లేకుంటే నావంటి పేద విద్యార్థికి ఈ పాటే లేదు. కాని కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. ఇకమీదట మన ఉత్సవగీతాలు ఏ యంత్రం మీద కూర్చినా, అందులో ఒక్క వాద్యమైనా మన ప్రాంతపు కళాకారుని చేత వాయింపజేయండి. ఆయనకు తగిన పారితోషికం ఇప్పించండి. విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్ళలోనూ అటకల మీద ఇటువంటి పెట్టెలు ఉండవచ్చు. ఒకసారి దింపి చూడండి.