వాకాడు బారేజీ, చంద్రుడి మీది బండి

పిల్లలూ, మీరెప్పుడైనా వాకాడు వెళ్ళారా? 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఊరది. స్వర్ణముఖి నది సముద్రంలో కలవబోయే ముందు అక్కడ దానికి అడ్డంగా బారేజీ ఉన్నది. ఆ ఊరికి దక్షిణాన శ్రీహరికోట. రాకెట్టు లేచిన రోజున దాని నిప్పుతోక వాకాడు వాళ్ళకు కూడా కనిపిస్తుంది.

2023 జూలై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు అలా లేచిన రాకెట్టే చంద్రయాన్-3ని మోసుకుపోయింది. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి మీద దిగింది. దాని కడుపులోంచి ఆరు చక్రాల బండి ప్రజ్ఞాన్ బయటికి వచ్చింది. దాని బరువు 26 కిలోలు. సౌరఫలకం దానికిచ్చే విద్యుత్తు 50 వాట్లు. మీ ఇంట్లో తిరిగే మామూలు ఫానుకు ఇంతకంటే ఎక్కువే కావాలి!

ఆ కాస్త విద్యుత్తు కూడా నిలకడగా రాదు. ఎండ ఏటవాలుగా పడితే తగ్గుతుంది. ఫలకం వేడెక్కితే వోల్టేజీ పడిపోతుంది, చల్లబడితే పెరుగుతుంది. (మీరు దీనికి తలకిందులుగా అనుకొని ఉంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.) ఇలాంటి బండ్లలో మోటార్లకు ఒక వోల్టేజీ కావాలి, కెమేరాకు మరొకటి, లోపలి చిన్నచిన్న చిప్పులకు 5 వోల్టులో, 3.3 వోల్టులో కావాలి. ఎక్కువైతే చిప్పు కాలిపోతుంది. తక్కువైతే లెక్క తప్పుతుంది. చంద్రుడి మీద బాగుచేసే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు?

మళ్ళీ బారేజీ సంగతికి వద్దాం. నదిలో నీరు ఒకనాడు నిండుగా, ఒకనాడు పలచగా ఉంటుంది. కాలువకు మాత్రం కావలసినంతే పోవాలి. అందుకని కాలువ మొదట్లో తలుపులు పెట్టి నీటిని అదుపుచేసే కట్టడాన్ని ఇంజనీర్లు రెగ్యులేటర్ అంటారు. విద్యుత్తును అదుపుచేసే పరికరానికీ అదే పేరు! ఐతే దీని తలుపు సగం తెరిచి ఉంచితే, అడ్డుకొన్న విద్యుత్తంతా వేడిగా మారి వృథా అవుతుంది. 50 వాట్లలో వృథాకు చోటేదీ? అందుచేత ఈ తలుపు పూర్తిగా తెరుచుకొంటుంది, పూర్తిగా మూసుకొంటుంది, సెకనుకు లక్షసార్లు కూడా! తెరిచి ఉంచే సేపు పెంచితే వోల్టేజీ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. తునకలు తునకలుగా వచ్చే ఆ విద్యుత్తును ఒక తీగచుట్టా, ఒక కెపాసిటరూ కలిసి, చెరువు నీటిని నిలిపినట్టు నిలిపి, సమంగా వదులుతాయి. బయటికి పోయే వోల్టేజీని ఎప్పటికప్పుడు కొలిచి తలుపును సరిచేసే కాపలాదారు కూడా లోపలే ఉంటాడు.

కాని నది ఎండిపోతే తలుపులేం చేస్తాయి? చంద్రుడి మీద రాత్రి మనకు 14 రోజులు. ఆ చలిని తట్టుకొనేలా ప్రజ్ఞాన్‌ను చేయలేదు, ఒక్క పగలు పని చేస్తే చాలనుకొన్నారు. వంద మీటర్లు దాటి నడిచిన ఆ బండిని సెప్టెంబరు 2న నిద్రపుచ్చారు. బాటరీ నిండా ఉన్నది. ఫలకాన్ని మళ్ళీ సూర్యుడు వచ్చే వైపుకే తిప్పి, రిసీవర్‌ను తెరిచే ఉంచారు. సెప్టెంబరు 22న ఇక్కడినుంచి పిలిచారు. జవాబు రాలేదు.