తినే కాగితం

ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో కాగితాలతోనే నా కాపురం. నోటును వేళ్ళతో తడిమితే అది పత్తి కాగితమో కాదో చెప్పగలను. తినే కాగితాన్ని ఎలా ఎంచాలో మాత్రం బి.కాం.లో ఎవరూ చెప్పలేదు. ఆ పాఠం మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను.

తను చెన్నైలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి మామ్మ, తాతయ్యల పెళ్ళి ఫొటోను కేకు మీద అచ్చు వేస్తానని బయల్దేరింది. మా నాన్నగారు పోయి ఆరేళ్ళు. సామాను కోసం ప్యారిస్ సందుల్లో సంచీ మోసే ఉద్యోగం నాది.

కాగితాలు రెండు రకాలట. వేఫర్ పేపరులో పిండిపదార్థం, నీళ్ళు, కాస్త నూనె, అంతే. పల్చన, చవక, రుచీ పచీ లేదు. పువ్వులు, సీతాకోకచిలుకలు కత్తిరించడానికి భేషుగ్గా ఉంటుంది గానీ తడి తగిలితే ముడతలు పడుతుంది. రెండోది ఐసింగ్ షీటు. ఇందులో పంచదార ఉంటుంది, ప్లాస్టిక్ రేకు మీద అంటించి ఇస్తారు. ఫొటో స్పష్టంగా పడుతుంది, బటర్‌క్రీము మీద వేస్తే అందులో కలిసిపోతుంది. కవరు తెరిచి వదిలేస్తే ఎండి పెళుసెక్కుతుంది. విప్పింగ్ క్రీము మీదైతే తడికి రంగు కారుతుంది కనుక వడ్డించబోయే ముందే పెట్టుకోవాలి. చెన్నై ఉక్క సంగతి మీకు వేరే చెప్పాలా!

దుకాణదారు మెరుపుల పొడి డబ్బా ఒకటి అంటగట్టబోయాడు. దాని మీద 'విషం కాదు' అని ఉంది గానీ 'తినవచ్చు' అని లేదు. రెండూ ఒకటి కావు. తినే సరుకైతే దినుసుల పట్టీ, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలి. అంకెలు లెక్కపెట్టడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, డబ్బా వెనక్కిచ్చేశాను.

తీరా ఇంటికొచ్చి చెబితే అమ్మ మొహం మాడ్చుకుంది.

"మీ నాన్నగారి మొహం మీద కత్తి పెట్టమంటావుట్రా?"

"ఫొటో ఉన్న ముక్క కొయ్యకుండా తీసేద్దాం మామ్మా" అంది అమ్మాయి.

"తీసి? చెత్తబుట్టలో వేస్తావా?"

ఇద్దరికీ జవాబు లేదు. అమ్మాయి చిన్నబుచ్చుకుంది. నాకైతే అమ్మ మాటే న్యాయమనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మే అంది: "కాగితమే కావాలంటే మా ఊళ్ళో లేదూ?" అమ్మది ఆత్రేయపురం. జయ బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చగా నీళ్ళు కలిపి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే పొర లేస్తుంది. అదే పూతరేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేఫర్ పేపరు వయసెంతో గానీ, ఈ కాగితం మా అమ్మమ్మ చేతిలోనే ఉండేది.

రాజమండ్రి నుంచి వస్తున్న చుట్టాలు ఉత్త రేకులు తెచ్చారు. తడి చెయ్యి తగిలితే చాలు మెత్తబడతాయి. చుట్టేటప్పుడు తడిగుడ్డ అద్దేది అందుకే. అందుకని కొవ్వొత్తి వెలిగించే ముందు మాత్రమే అమ్మాయి వాటిని చించి, గులాబీ రేకుల్లా గుచ్చింది. నాన్నగారి ఫొటో ఫ్రేములోనే, కేకు పక్కన పెట్టాం.

మిగిలిన రేకులకు అమ్మ నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి చుట్టింది. కేకు కంటే ముందు అవే అయిపోయాయి.