అత్తయ్య పెట్టెలో మొగలి

వాన వెలిసిన తెల్లవారుజామున తూర్పుగాలి తిరిగితే బరంపురం దాకా మొగలి వాసన వస్తుందని మా అత్తయ్య అంటారు. సముద్రం పది మైళ్ళ దూరమాయె, ఇదెక్కడి మాటని మేము నవ్వేవాళ్ళము. ఈ శ్రావణంలో నవ్వు రాలేదు. ఇల్లు అమ్ముడుపోయింది. అత్తయ్య ఇక పూనాలో కొడుకు దగ్గర ఉండిపోతారు. "ఏమేమి సర్దమంటారత్తయ్యా?" అని అడిగితే, "పెట్టెలో మొగలి వాసన ఉంటే చాలు" అన్నారు. పట్టుచీరల మడతల్లో ఏటా కొత్త మొగలిరేకులు పెట్టడం ఆమె అలవాటు.

రేకులు ఎండిపోతాయి గదా, నూనె తీసి ఇద్దామని మాకు తోచింది. ఎలా తీస్తారో చూసి వద్దామని ఒక ఆదివారం చీకటితోనే గోపాలపురం వైపు బయలుదేరాము.

చేలగట్ల వెంట, ఇసుకపర్రల మీద, ఎక్కడ చూసినా మొగలి పొదలే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ దెబ్బకు ఈ పొదలు చాలా పాడయినవి. పొడుగాటి గెడకు కొక్కెం కట్టి పూలు కోస్తున్న నోళియా ఆడమనిషి మాతో తెలుగులోనే మాట్లాడింది. "మగచెట్టు పువ్వుకే వాసన బాబూ. ఆడచెట్టుకి అనాసపండు లాటి కాయలే కాస్తాయి. పొద్దెక్కితే వాసన ఎగిరిపోద్ది, దారియ్యండి" అంటూ బుట్ట నెత్తిన పెట్టుకుంది. ఆమె చేతులనిండా ముళ్ళగీతలు. పాములు కనిపించాయా అని మాలో ఒకరు అడిగారు. జవాబు చెప్పకుండా నవ్వింది.

బట్టీ అంటే పెద్ద యంత్రశాల అనుకున్నాము. తీరా చూస్తే తాటాకుల పాక, మట్టిపొయ్యిల వరుస. పొయ్యి మీద రాగి డేగు; అందులో వెయ్యి పూల దాకా వేసి నీళ్ళు పోసి, మూతచుట్టూ మట్టి మెత్తి బిగిస్తారు. తాడు చుట్టిన వెదురుగొట్టం మూతనుంచి భప్కా అనే రాగిపాత్రలోకి దిగుతుంది. భప్కా నీళ్ళతొట్టిలో మునిగి ఉంటుంది. నూనె తన మరుగువేడి దాకా పోనక్కరలేదు, నీటి ఆవిరితోపాటు వంద డిగ్రీల లోపే లేచి వస్తుంది. భప్కాలో ముందే చందనతైలం పోసి ఉంచితే ఆ వాసనను పట్టుకుంటుంది. అదే అత్తరు. ఖరీదు తగ్గించడానికి చందనం బదులు పారఫిన్ నూనె పోసేవారూ ఉన్నారు. చందనం లేకుండా తీసిన అసలు నూనె రూహ్. దాని ధర విని మేము ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలాయన గడియారం చూడడు. భప్కాను చేత్తో తడిమి వేడెక్కిందంటే తొట్టిలో నీళ్ళు మారుస్తాడు. మంట ఎక్కువయితే సరుకు పాడయినట్టేనట.

ఆ మాట విన్నాము గాని పట్టించుకోలేదు. ఎనిమిది పూలు కొనితెచ్చి, పులిహోర వండే పెద్ద గిన్నెలో నడుమ ఇటుకముక్క పెట్టి, దానిమీద గిన్నె నిలిపి, చుట్టూ రేకులూ కంకులూ తరిగి పోసి నీళ్ళు నింపాము. మూత తిరగేసి పైన మంచుగడ్డలు పోశాము. మూత బొడిపె నుంచి బొట్లు గిన్నెలో పడాలి. తొందరకొద్దీ మంట పెంచాము. నీళ్ళు ఇంకి అడుగంటింది. ఇల్లంతా మాడిన గడ్డివాసన. అత్తయ్య ఏమీ అనలేదు, లేచి కిటికీలు తెరిచారు. ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది.

మర్నాడు మళ్ళీ పూలు తెచ్చాము. ఈసారి పొయ్యి దగ్గర అత్తయ్యే కూర్చున్నారు. ఆవిరి కనీకనపడకుండా, సన్న సెగ. మంచు మూడుసార్లు మార్చాము. రెండు గంటలకు గ్లాసెడు నీళ్ళు దిగినవి. దీపం దగ్గర వంచి చూస్తే పైన సన్నని మెరుపు, అంతే. నూనె అని ఎత్తడానికి దూదికొసకైనా చాలదు. ఇంట్లో దిగేది మొగలినీళ్ళే సుమా. పాయసంలో రెండు చుక్కలకు బాగుంటుంది. నూనె కావాలంటే వేల పూలు కావాలి.

అత్తయ్య వాసన చూసి, "నీళ్ళు బాగానే ఉన్నాయి. చీరలమీద పోస్తే మరకలవుతాయిరా" అన్నారు. సీసాకు బిరడా బిగించి చేతిసంచిలో పెట్టుకున్నారు. పెట్టెలోకి మాత్రం కొత్త పువ్వొకటి, రేకులు విప్పకుండా, ఆమె పెళ్ళిచీర మడతలో పెట్టి తాళం వేశాము.