యంత్రం పాట నేర్చుకున్న ఫిడేళ్ళు

మాంచెస్టర్ అనగానే మన ముత్తాతలకి గుర్తొచ్చేది సీమగుడ్డ. బందరు అద్దకాలకీ, గోదావరి జిల్లాల మగ్గాలకీ ఎసరు పెట్టిన మిల్లులు ఆ చుట్టుపక్కలవే మరి! ఈ కాలం కుర్రకారుకి మాంచెస్టర్ అంటే ఫుట్‌బాల్. ఈ రెండూ కాకుండా ఆ వూరికి మూడో పేరు కూడా వుంది. అది డాన్సు పేరు. డాన్సంటే మన సినిమాల్లో చెట్టు చుట్టూ తిరిగే డాన్సు కాదు లెండి. చీకటి హాల్లో వెయ్యిమంది కలిసి, ఎవరికి వారే, తెల్లవార్లూ ఎగిరే డాన్సు.

మా మేనకోడలు అక్కడే చదువుకుంటోంది. మొన్న వేసవిలో నేను వెళితే, వచ్చిన మర్నాడే నన్ను విట్‌వర్త్ స్ట్రీట్ వెస్ట్ అనే రోడ్డుమీద నిలబెట్టి, "మావయ్యా! ఇదే హసియెండా!" అంది, తిరుపతిలో గోపురం చూపించినంత భక్తిగా. చూద్దును కదా, అపార్ట్‌మెంట్లు! ఎర్ర ఇటిక, గాజు కిటికీలు, బాల్కనీలో ఎవరో ఆరేసుకున్న తువ్వాలు. గోడమీద పేరు మాత్రం హసియెండా అనే వుంది.

అసలు హసియెండా 1982 మే 21న తెరుచుకుంది. అంతకు ముందు అక్కడ పడవలు అమ్మే షోరూం వుండేదట. ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే గ్రామఫోను కంపెనీ, న్యూ ఆర్డర్ అనే పాటల బృందం కలిసి డబ్బు పెట్టాయి. ఫ్యాక్టరీల్లో ప్రమాద సూచనకి పూసే పసుపు నలుపు చారలు హాలు స్తంభాలకి పూయించి, అదే అలంకారం అన్నారు. మడోన్నా ఇంగ్లండులో మొదటిసారి పాడింది ఇక్కడే, 1984 జనవరిలో. అప్పటికి ఆవిడెవరో అక్కడ చాలామందికి తెలీదు!

మొదట్లో హాలు నిండేది కాదు. నిండడం మొదలైంది అమెరికా నుంచి "హౌస్" సంగీతం వచ్చాక. నిండాక ఇంకో తమాషా. వచ్చినవాళ్ళు సారా కొనడం మానేసి మంచినీళ్ళు తాగుతారు. కారణం, మత్తు మాత్రలు. ఆ మాత్ర మింగి 1989లో ఒక పదహారేళ్ళ పిల్ల ప్రాణం పోగొట్టుకుంది. తర్వాత తుపాకుల ముఠాలు దిగాయి. 1997లో తలుపులు మూశారు, 2002లో కట్టడం పడగొట్టారు. పడగొట్టే ముందు ఇటికలూ, డాన్సు ఫ్లోరు చెక్కలూ వేలం వేస్తే జనం ఎగబడి కొనుక్కున్నారట. అభిమానం అంటే అలా వుండాలి! చిత్రమేమంటే, ఈ క్లబ్బు కథతో "24 అవర్ పార్టీ పీపుల్" సినిమా కూడా 2002లోనే వచ్చింది. అసలుది పనికిరాకుండా పోవడంతో ఒక గోదాములో సెట్టు వేసి తీశారు. మన కళాదర్శకులు చూస్తే మెచ్చుకుంటారు.

ఇంతకీ ఏమిటా సంగీతం? అందులో వాద్యగాళ్ళు లేరు. అదే దాని గొప్ప, అదే దాని మీద ఫిర్యాదు. జపాన్ రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో రెండు పెట్టెలు అమ్మింది. 808 అనేది డ్రమ్ములు వాయించే పెట్టె. 303 అనేది, పక్కన బేస్ గిటారు మనిషి లేని ఒంటరి గిటారిస్టు సాధన చేసుకోవడానికి చేసిన పెట్టె. 303 బొత్తిగా అమ్ముడుపోలేదు. సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్ళు కొని, బొత్తాలు ఇష్టమొచ్చినట్టు తిప్పి, కప్ప బెకబెకకీ పిల్లి మూలుగుకీ మధ్య ఒక శబ్దం పుట్టించారు. 1987లో ఫ్యూచర్ అనే బృందం రికార్డు ఆ శబ్దంతోనే వచ్చింది. దాన్ని "ఆసిడ్" అన్నారు.

ఇక్కడ మనం కాలర్ ఎగరెయ్యాల్సిన సంగతి ఒకటుంది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ గారు 1982లోనే సరిగ్గా ఈ రెండు పెట్టెలూ పక్కన పెట్టుకుని, పది రాగాల్ని డిస్కో తాళంలో వాయించి ఎల్పీ వేశారు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే యూరప్ కుర్రాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు - షికాగో కంటే అయిదేళ్ళ ముందా అని! ఆయన 2015లో పోయారు.

ఇప్పుడు అసలు కథ. మనిషి అక్కర్లేకుండా పుట్టిన ఈ పాటల్ని మనుషుల చేత, అదీ సింఫనీ ఆర్కెస్ట్రా చేత వాయించాలని కొందరికి తోచింది. డెట్రాయిట్‌కి చెందిన జెఫ్ మిల్స్ 2005లోనే ఫ్రాన్సులో ఒక ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసి చూపించాడు. 2015 జూలైలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో పీట్ టాంగ్ అనే రేడియో డీజే, జూల్స్ బక్లీ నడిపే హెరిటేజ్ ఆర్కెస్ట్రా కలిసి ఇబిజా పాటలు వాయిస్తే ఆ హాలు ఊగిపోయింది. 2016లో మాంచెస్టర్ వాళ్ళు "మా క్లబ్బు పాటలు మేం వాయించుకోమా" అని మాంచెస్టర్ కామెరాటా ఆర్కెస్ట్రాతో హసియెండా క్లాసికల్ మొదలెట్టారు. పాత క్లబ్బు డీజేలు గ్రేమ్ పార్క్, మైక్ పికరింగ్ పక్కనే నిలబడి నడిపించారు. మరుసటి ఏడాది గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పెద్ద వేదిక వీళ్ళతోనే మొదలైంది.

నేను చూసింది కాసిల్‌ఫీల్డ్ బౌల్‌లో. ఒకప్పుడు రోమన్ల కోట వున్న చోటు. ఇప్పుడు కాలువలు, వాటిమీద ఇనప వంతెనలు, మధ్యలో మెట్లు మెట్లుగా ఒక గిన్నెలాంటి మైదానం. సాయంత్రం ఎనిమిదైనా పట్టపగల్లా వెలుతురు. సన్నగా తుంపర. వేలమంది జనం. సగంమంది యాభై దాటినవాళ్ళు! పసుపు నలుపు చారల చొక్కాలు, బట్టతలలు, పొట్టలు. మా మేనకోడలు నా చెవిలో, "మావయ్యా, నీ ఈడు వాళ్ళే అందరూ, నువ్వూ ఎగురు" అంది. నేను గొడుగు పట్టుకున్నాను కనుక బతికిపోయాను.

నల్ల బట్టల్లో ఆర్కెస్ట్రా వచ్చి కూర్చుంది. డ్రమ్ముల మనిషి మొదలెట్టాడు. నిమిషానికి నూట ఇరవై పైచిలుకు దెబ్బలు, ప్రతి మాత్రకీ ఒక గుద్దు. ఇక ఆపడం లేదు. పాట పూర్తయితే చప్పట్లకి ఆగడం వుండదు, ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట వస్తుంది. ఇదీ కష్టం! సింఫనీలో ఫిడేళ్ళకి ఊపిరి పీల్చుకునే చోట్లు వుంటాయి, మెల్లగా నడిచే భాగాలుంటాయి. యంత్రానికి చెయ్యి నొప్పి పుట్టదు కాబట్టి దాని పాటలో ఆ సదుపాయం లేదు. ఒకే నాలుగు స్వరాల ముక్క, ఏడు నిమిషాలు, జోరు తగ్గకుండా. వెనక వరసలో ఒక ఫిడేలు అమ్మాయి అరనిమిషం సందు దొరికితే చాలు, విల్లు ఒళ్ళో పెట్టుకుని మణికట్టు విదిలించుకుంటోంది. మళ్ళీ ఎత్తుతోంది.

అన్నీ బాగున్నాయని నేననను. 303 కప్పకూతని ఏ బాకా కూడా కూయలేదు. వాళ్ళూ ఆ ప్రయత్నం చెయ్యకుండా పక్కన కీబోర్డు పెట్టుకున్నారు, మంచి పని చేశారు. ఒకటి రెండు పాటల్లో ఫిడేళ్ళు అదనంగా అద్దిన పంచదారలా వున్నాయి. యంత్రం పాటలోని ఆ పొడితనమే పోయింది.

కానీ "స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్" వచ్చింది చూడండి! డెట్రాయిట్ కుర్రాడు డెరిక్ మే 1987లో చేసిన పాట. పేరులో తంత్రులున్నాయి, రికార్డులో మాత్రం ఫిడేలు పట్టిన మనిషి లేడు. అంతా కీబోర్డుల మీద తుంచి అతికించిన ఆర్కెస్ట్రా తునకలు. ఇప్పుడు ఆ తునకల్ని నిజం ఫిడేళ్ళు వాయిస్తున్నాయి. యంత్రం మనిషిని అనుకరిస్తే, ఆ అనుకరణని మనిషి అనుకరిస్తున్నాడు! యంత్రం కత్తిరించినట్టు తుంచిన చోట వీళ్ళూ విల్లు టక్కున ఆపాలి, అందరూ ఒక్కసారే. అయినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాకే ఒళ్ళు జలదరించింది. పక్కన బట్టతలాయన కళ్ళు తుడుచుకుంటూ ఎగురుతున్నాడు.

నాకు మాత్రం మద్రాసు గుర్తొచ్చింది. మా ఎరికలో ఒక వయొలిన్ మాస్టారున్నారు. వడపళని రికార్డింగు థియేటర్లలో ఉదయం ఒక కాల్షీటు, మధ్యాహ్నం ఒకటి, ముప్ఫై నలభై వయొలిన్ల మధ్య కూర్చున్నవారు. 1986లో "పున్నగై మన్నన్"కి ఇళయరాజా గారు కంప్యూటర్ సంగీతం వాడితే అందరం ముచ్చటపడ్డాం. తర్వాత పదేళ్ళలో నలభై వయొలిన్ల పని ఒక కీబోర్డు చెయ్యడం మొదలెట్టింది. మాస్టారికి కబురు రావడం తగ్గింది, తర్వాత ఆగింది. ఎవర్నీ తిట్టలేదాయన. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. ఆ ఇళయరాజా గారే 2025 మార్చిలో లండన్ వచ్చి పూర్తి ఆర్కెస్ట్రాతో తన సింఫనీ వినిపించారు. మాస్టారు ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నారు.

మర్నాడు మా మేనకోడలు తన ఫోన్లో తీసిన ఆ "స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్" ముక్క ఆయనకి పంపింది. గంట తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పాట ఎలా వుందో చెప్పలేదు. "ఫస్ట్ వయొలిన్లు పన్నెండుంటాయి, అవునా?" అన్నారు. నేను లెక్కపెట్టలేదన్నాను. "రెండో వరసలో ఒకాయన ప్రతిసారీ పిసరు ముందు పడుతున్నాడు. పడనియ్యండి, బాగుంది" అన్నారు. కాస్త ఆగి, "వాళ్ళకి నెల జీతమా, కాల్షీటు లెక్కా?" అని అడిగారు.