జమ్ములో గిజిగాళ్ళు

మా ఊళ్ళో గిజిగాడి గూడంటే తాటిమట్టకు వేలాడేదే. కొల్లేట్లో అలా కాదని 1984లో వినాయక చవితికి అమ్మమ్మ వాళ్ళ లంకకు వెళ్ళినప్పుడు తెలిసింది. కొల్లేటికోట దాటాక మావయ్య దోనెను జమ్ములోకి పోనిచ్చాడు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసిన బురదనీళ్ళు. రెండు పక్కలా నాకు రెట్టింపు ఎత్తున జమ్ము, అక్కడక్కడా కిక్కిస. లోపల్నుంచి ఒకటే కిచకిచ.

"నీడ వాటిమీద పడనీయమాకమ్మా," అంటూ గెడ దించి దోనె ఆపాడు మావయ్య.

పది పన్నెండు గూళ్ళు. ఒక్కటీ కొమ్మకు లేదు. నాలుగైదు జమ్ము ఆకుల కొసలు దగ్గరికి లాగి ముడేసి, ఆ ముడికింద అల్లుకున్నాయి. గాలి వీస్తే దుబ్బంతా ఊగేది, దాంతోపాటు గూళ్ళూ.

బారెడు దూరంలో ఒక మగపిట్ట వాలింది. తల పసుపు, మొహం నలుపు, రొమ్ముమీద గీతలు. తాటిచెట్ల గిజిగాడి నుంచి ఈ వేరే జాతిని ఆ గీతలను బట్టి గుర్తుపట్టొచ్చని తర్వాత చదివాను. లంకలో మాత్రం ఇదీ గిజిగాడే. ఆకు అంచును ముక్కుతో కాస్త కొరికి, కొరికినచోటే పట్టుకుని అమాంతం ఎగిరింది. జర్రున ఆకు చీలి, మూరెడు పోగు ముక్కున వేలాడింది. దాన్ని బోర్లించిన బుట్టలా ఉన్న సగం గూటిలోకి దూర్చి, లాగి, మళ్ళీ దూర్చింది. ఆడపిట్ట ఒకటి వచ్చి తొంగిచూసింది. మగది గూటికింద వేలాడుతూ రెక్కలు టపటపలాడించింది. ఆడపిట్ట పక్క గూటికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇంకోటి కడతాడులే," అన్నాడు మావయ్య.

నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడనుకున్నాను. నిజమేనట. తాటిచెట్ల గిజిగాడు ఒకదాని తర్వాత ఒకటిగా గూళ్ళు కట్టి, ఒక్కో ఆడపిట్టతో కాపురం పెడుతుందని 1930లో మహారాష్ట్రలోని కిహీంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గమనించారు. జమ్ములో ఉండేదీ అంతే.

చాపలకూ పాకల కప్పుకూ మావయ్య జమ్ము కోసేవాడు. గూళ్ళున్న దుబ్బు జోలికి మాత్రం కార్తీకం దాకా పోయేవాడు కాదు.

తర్వాత చేపల చెరువులొచ్చాయి. గట్లు లేచినచోటల్లా జమ్మును వేళ్ళతో సహా పీకేశారు. మావయ్య దోనె అమ్మేసి ఒక చెరువుకు కాపలా కుదిరాడు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో గట్లు తెంచారు. పెలికాన్లను చూడ్డానికి ఆటపాకకు జనం వస్తున్నారు, సంతోషమే. నాకు మాత్రం కొల్లేరంటే పిడికిట్లో పట్టేంత ఆ పిట్టే.

నిరుడు శ్రావణంలో కైకలూరు దారిలో బండి ఆపించాను. రోడ్డు పక్క బోదెలో మంచమంత జమ్ము మిగిలుంది. లోపల కిచకిచ. ఎండ నా వెనకనుంచి పడుతోంది. రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాను.