లాల్‌బాగ్ బండ మీద పాత లెన్సు

బెంగళూరు వచ్చిన చుట్టాలు లాల్‌బాగ్‌లో 1889 నాటి గాజు భవనం ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. కెంపేగౌడ గోపురం ఉన్న బండను తొక్కుతారే గాని చూడరు. సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి నైస్ శిల అది!

నేను దాన్ని చూసేది పాత మైక్రో నిక్కార్ 55 ఎం.ఎం. లెన్సుతో. కొత్త మాక్రో లెన్సు ధర నాబోటి జీతగాడికి గుండెదడ. ఇది సెకండ్‌హ్యాండ్‌లో చవకగా వచ్చింది. కొనేముందు టార్చి వేసి లోపల బూజు లేదని చూసుకోవాలి, మన వానలకు అది మామూలే. అడాప్టరుతో నేటి కెమెరాకూ అమరుతుంది. ఫోకస్ మాత్రం చేత్తోనే.

ఉత్త లెన్సు వస్తువును సగం సైజులో పడుతుంది. 27.5 ఎం.ఎం. రింగు తగిలిస్తే అసలు సైజు. అంత దగ్గరలో ఫోకస్ తిప్పి లాభం లేదు. ఊపిరి బిగబట్టి మనమే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరగాలి. ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు పైచిలుకే. చీమలు అంతసేపు ఆగవు. బండ ఆగుతుంది.

పొద్దుటి ఏటవాలు ఎండలో తెల్లచారల మధ్య నల్ల అభ్రకం తళుక్కుమంటుంది. పక్కనే బూడిదరంగు లైకెన్ మచ్చలు, దగ్గరికి వెళితే అంచులన్నీ ముడతలు. మోకాళ్ళ కింద తుండు పరుచుకోండి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది.